తట్టలో వీధి

రండర్రా రండి, ఇలా దగ్గిరికి జరగండి. ఓలమ్మా, ఆ చంటిదాన్ని ఒళ్ళోకి లాక్కో. ఒరే, ఎవడ్రా అది, ఆ జంతికలు నవలడం ఆపు, నీ పళ్ళ చప్పుడికి నా కథ నాకే ఇనబడట్లేదు. ఎనకాల గోడకి ఆనుకున్న పెద్దమనుషులూ, మీ రాజకీయాలు రేపూ ఉంటాయి, నా కథ నాకు నోరు తిరిగినప్పుడే. మూశారా నోళ్ళు? ఆయ్, అదీ. ఇందులో ఒక్క అబద్ధమున్నా నా మీసం తీసేసుకుంటాను. మీసమెక్కడుందంటారా? పోయినసారి ఇలాటి కథే చెప్పినప్పుడు పోయింది. ఇనండి మరి.

ఉప్పురేవని ఓ ఊరండి. సముద్రానికి రెండు కేకల దూరం, కాలవకి ఒక కేక దూరం. ఊళ్ళో ఏడు వీధులు. ఆ ఊళ్ళో మసేనమ్మని చేపలమ్ముకునే మనిషి. ఆవిడ పాక కాలవ లాకుల అవతల గట్టు మీద. ఆ గట్టు ఏ వీధి లెక్కలోకీ రాదు. తెల్లారేసరికి రేవుకెల్లి తట్ట నింపుకుని నెత్తినెట్టుకుందంటే ఏడు వీధులూ చుట్టి వచ్చేది.

ఆవిడ కేక సంగతి చెప్పాలి. "చేపలమ్మో... చేపలూ..." అని గడియారం వీధి మొగలో ఎత్తుకుందంటే, రైసుమిల్లు వీధి చివర పడుకున్న గేదె లేచి నించునేది. గడియారం వీధిలో గడియారం ఆగి పదకొండేళ్ళు. ఎవరికీ ఇబ్బంది లేదు. మసేనమ్మ కేకేస్తే ఏడున్నర. ఒకసారి ఆవిడకి జ్వరమొచ్చి మూడ్రోజులు రాకపోతే ఊళ్ళో మూడ్రోజులు ఏడున్నర కాలేదు. పిల్లలు బడికెల్లలేదు, కావాలంటే ఆ ఊరోళ్ళనే అడగండి.

ఏడు వీధుల్లోనూ ఆవిణ్ణి "మా మసేనమ్మ" అనేవారు. "మా మసేనమ్మ తెచ్చిన చందువా" అని ఒకళ్ళు, "అది మీ మసేనమ్మెప్పుడైందీ, మా మసేనమ్మ" అని ఇంకోళ్ళు. మసేనమ్మకి వీధి లేదు గానీ ఏడు 'మా'లున్నాయి. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఓ చేప ఎక్కువేసేది. పైకి మాత్రం, "పాడు తక్కెడ, తూకం తప్పింది" అనేది.

ఏడోది మేష్టర్ల వీధి. అక్కడ నీసు వాసన తగలకూడదు. ముందు తలుపులన్నీ మూసుంటాయి. కానీ చయనులు మేష్టారని పెద్దాయన, రిటైరైన లెక్కల మేష్టారు, దొడ్డిగుమ్మం కాస్త తీసి గిన్నె బయటికి పెట్టేవారు.

"పిల్లికమ్మా, పిల్లికి," అనేవారు.

ఆ వీధిలో పిల్లి లేదు. మసేనమ్మకి తెలుసు. తొమ్మిదేళ్ళుగా ఆ లేని పిల్లి వారానికి మూడ్రోజులు వంజరం తింటోంది. "మొన్నటి ముక్కలు పులుసులో విడిపోయాయమ్మా, పిల్లి చాలా బాధపడింది" అనేవారు మేష్టారు. "పిల్లికి మెంతిపిండి ఎక్కువేయొద్దని చెప్పండి బాబూ" అనేది మసేనమ్మ. అలా మర్యాదగా సాగిపోతోంది.

ఇంతలో ఊరికి దక్షిణామూర్తి గారు దిగబడ్డారు. వికేంద్రీకృత సామాజిక అనుబంధాల ప్రత్యేకాధికారి. ఆ పేరు బోర్డు మీద పట్టక, ఆఫీసు గోడ మలుపు తిరిగి పక్క గోడ మీద పూర్తయింది. సినిమాహాలు దగ్గర మీటింగు పెట్టి మైకు పట్టుకున్నారు.

"ప్రజలారా! ఇన్నాళ్ళూ మీరందరూ మీ మీ ఫోనుల ద్వారా ఎక్కడో దూరాన ఒకానొక పరాయి ధనికుని అంగడిలో గుమిగూడి ఘోషించుచున్నారు. అది కేంద్రీకృత ఘోష! నేటి నుండి వీధికొక పెట్టె. ఎవరి మాట వారి పెట్టెలో. ఎవరి ఆచారము వారి పెట్టెలో. నచ్చిన పెట్టె నచ్చిన పెట్టెతో చెయ్యి కలుపును. నచ్చనిచో చెయ్యి వదులును. ప్రతి పౌరుడూ ఏదో ఒక పెట్టెకు చెందియే తీరవలెను. చెందుటయే సంస్కృతి! చెందకుండుట శిక్షార్హము!"

జనం చప్పట్లు కొట్టారు. అర్థమయ్యి కాదు, ఆయన ఊపిరి తీసుకోడానికి ఆగినప్పుడల్లా కొట్టారు.

పెట్టెలొచ్చాయి. బిస్కట్ల డబ్బాంత ఉంది ఒక్కోటీ, పక్కన పచ్చదీపం మిణుకుమంటూ. ఫోనులో మాటాడితే అదే రాసుకుంటది, ఆ వీధోళ్ళందరికీ చూపిస్తది, చెయ్యి కలిపిన వీధోళ్ళకీ చూపిస్తది. ప్రతి పెట్టెకీ ఓ పెట్టెపెద్ద. ఆ పెట్టెపెద్ద పెట్టిందే రూలు. నిన్నటి దాకా పంపు దగ్గర బిందెలు వరసలో పెట్టలేనోడు ఇవాళ నూటపద్నాలుగు రూళ్ళు రాశాడు.

మొదట్లో మసేనమ్మ నవ్వుకుంది. ఏడు వీధులూ నావే కదా, ఏ పెట్టెలో పెట్టినా ఒకటేననుకుంది. ముందుగా మేష్టర్ల వీధి దగ్గిర పడుద్దని అక్కడికెల్లింది.

అక్కడ అరుగు మీద కమిటీ కూచుంది, చయనులు మేష్టారూ అందులో ఉన్నారు. ఇంటింటా ఎవరెవరున్నారో రాస్తున్నారు. సరిగ్గా అప్పుడే చయనులు మేష్టారి దొడ్లోంచి ఓ వాసన వచ్చి కమిటీ మెంబర్ల ముక్కుకి తగిలింది.

"మేష్టారూ, ఏమిటిది?"

"పిల్లండీ," అన్నారు మేష్టారు. "పిల్లికి."

"పిల్లి ఉంటే మరి ఫారంలో రాయలేదేం? ఇంట్లో ఉన్న ప్రతి ప్రాణీ పెట్టెకి చెందాలని రూలు మీరే రాశారు కదా."

మేష్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. తుడిచిందే తుడిచారు. తప్పనిసరై రాశారు: పేరు సౌదామిని. జాతి పిల్లి. స్వభావం మితభాషిణి. కమిటీ ఆమోదించి ముద్ర కొట్టింది.

తరవాత మసేనమ్మ వంతు.

"నివాసం?"

"కాలవగట్టు బాబూ."

"ఏ వీధి కిందికి వస్తుంది?"

"ఏ వీధి కిందికీ రాదు బాబూ, వరదొస్తే నీళ్ళ కిందికొస్తది."

"స్వభావం?"

"కేకలేస్తాను."

కమిటీ మొహమొహాలు చూసుకుంది. తిరస్కరించి, ఆ సంగతి ఎర్ర సిరాతో రాసిచ్చింది. మసేనమ్మ చయనులు మేష్టారి వంక చూసింది. మేష్టారు ఆకాశం వంక చూశారు. లేని పిల్లికి వీధి దొరికింది గానీ, ఉన్న మసేనమ్మకి దొరకలేదండీ.

"పోన్లే," అనుకుని రైసుమిల్లు వీధికెల్లింది. అక్కడ పెట్టెపెద్ద గవర్రాజు, మిల్లు ఆయందే. మనసున్న మనిషి, బొజ్జా ఉన్న మనిషి.

"నువ్వు మాదానివే మసేనమ్మా, అందులో అనుమానమేటి!" అన్నాడు. "ఒక్కటే రూలు. బొమ్మ పెడితే, కళ్ళు కనబడనోళ్ళ కోసం ఆ బొమ్మలో ఏముందో మాటల్లో చెప్పాల. మా వీధి చివర చూపులేని వీర్రాజు తాత ఉన్నాడు కదా, ఆయనకోసం."

ఆ రూలు మసేనమ్మకి నచ్చింది. ఉన్న రూళ్ళన్నిట్లో మనిషి పెట్టినట్టున్న రూలు అదొక్కటేననిపించింది. తట్టలో ఉన్న వంజరాన్ని ఫోటో తీయించి, ఫోను నోటిదగ్గిర పెట్టుకుని మొదలెట్టింది.

"తాతా, ఇది వంజరం. నీ మోచెయ్యంత ఉంది. పొట్ట ఎండిలా మెరుస్తంది. చెవుల్లాటి మొప్పలెత్తితే లోపల ఎర్రగా మందారంలా ఉంది. దీన్ని బొటనేలు మందం ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ రాసి, మామిడికాయ ఎండుముక్కలేసి, మట్టిదాకలో పులుసు పెట్టి ఓ పూట అలా వదిలేశావనుకో, పైకి నూనె తేలి..."

వీర్రాజు తాత ఇని, కళ్ళు తుడుచుకుని, "నలభై ఏళ్ళకి మళ్ళీ చేపని చూశానే తల్లీ" అన్నాడు. అక్కడితో ఆగితే కథే లేదు. రైసుమిల్లు పెట్టె చెయ్యి మేష్టర్ల పెట్టెతో కలిసుంది కదా! ఆ పులుసు సంగతి చేతుల్లోంచి చేతుల్లోకి పాకి మేష్టర్ల వీధి ఫోనులన్నిట్లోకీ పోయింది. ఆ వేళ ఏకాదశి. వీధి వీధంతా ఉపవాసం. అందరికీ ఒకేసారి నోరూరింది. ఎంత ఊరిందంటారా? వీధికాలవలో నీళ్ళు మూడంగుళాలు పెరిగాయంట. నేను కొలవలేదు, కొలిచినోణ్ణి చూశాను.

మేష్టర్ల పెట్టె మండిపడింది. చేపనే మాట ముందు హెచ్చరిక ఉండాలంది. ఇష్టం లేనోళ్ళు చెవులు మూసుకోడానికి టైమివ్వాలంది. గవర్రాజు సరేనన్నాడు. పెట్టెలో హెచ్చరికుంటే రోడ్డు మీదా హెచ్చరికుండాలని ఆఫీసు నుంచి దక్షిణామూర్తి గారి ముద్రేసిన కాయితమొచ్చింది.

మర్నాడు మసేనమ్మ కేకకి ముందు, చెప్పినట్టే, గొంతెత్తింది.

"జాగ్రత్తమ్మో... జాగ్రత్తా! రాబోతోందీ..."

సముద్రం ఒడ్డు ఊరండీ అది! అక్కడ 'జాగ్రత్త, రాబోతోంది' అంటే ఏటొస్తదో చంటిపిల్లక్కూడా తెలుసు. 'చేప' అనే మాట ఆవిడ నోట్లోంచి బయటికొచ్చేలోపు ఏడు వీధులూ పరుగందుకున్నాయి. గేదెల్ని విప్పేశారు. మంచాలు నెత్తినెట్టుకున్నారు. తుఫాను షెల్టరు మెట్ల మీద ఇసకేస్తే రాలనంత జనం. ఎవరో రేడియో పెట్టారు. దాంట్లో పాటలొస్తన్నాయి. మధ్యాన్నానికి గానీ కిందికి దిగలేదు, దిగేసరికి గవర్రాజు ఇంట్లో అన్నం మాడి ఉంది.

"ఇదంతా మీ హెచ్చరిక మూలాన్నే!" అని రైసుమిల్లు పెట్టె. "మీ పులుసు మూలాన్నే!" అని మేష్టర్ల పెట్టె. సాయంత్రానికి రెండు పెట్టెలూ చెయ్యి వదిలేసుకున్నాయి. గడియారం వీధి రైసుమిల్లు పక్షం. సినిమాహాలు వీధి మేష్టర్ల పక్షం. మిగతా మూడూ ఎవరి పక్షమో తేలక అందర్నీ వదిలేశాయి.

దానికి తోడు ఈ సర్క్యులరొచ్చింది. నాకు చదువు రాదు, చదివించుకుని బట్టీపట్టాను, ఇనండి: "పెట్టెయందు తెగిన అనుబంధము రహదారియందు కొనసాగుట ద్వంద్వ సామాజికత అనిపించుకొనును. కావున పెట్టెలు చెయ్యి వదిలిన వీధుల మధ్య తక్షణమే వెదురు అడ్డుగట్టవలెను."

అడ్డుగట్టారు. ప్రతి మొగలోనూ వెదురుబొంగు. పక్క వీధిలో అక్క ఉంటే చెల్లెలు బొంగు ఇవతల నించుని, మాటాడకుండా, చీర రంగు చూసుకుని ఎల్లిపోయేది.

మసేనమ్మ గవర్రాజు దగ్గిరికొచ్చింది. "నేను మీదాన్నే కదా బాబూ?"

గవర్రాజు బొజ్జ నిమురుకున్నాడు. "నీ మీద ఫిర్యాదుందే మసేనమ్మా. అది తేలేదాకా నిన్ను మాదానివంటే నా పెట్టె పేరు పోద్ది. తేలాక అంటాన్లే."

ఆ మాట ఆవిడకి ముల్లులా దిగింది. అమ్మకం పోతే రేపు చూసుకోవచ్చు. 'మా' అన్న మాట పోతే ఎక్కడెతుక్కోవాల?

తట్ట నెత్తినెట్టుకుని తిన్నగా దక్షిణామూర్తి గారి ఆఫీసుకెల్లింది. తట్ట బయట పెట్టమన్నాడు బంట్రోతు. బయట పిల్లులున్నాయంది. లోపలికే తెచ్చింది.

"అయ్యగారూ, నేనే పెట్టెకీ చెందట్లేదంట. చెందకపోతే శిచ్చన్నారు. ఏ పెట్టే రానివ్వట్లేదు. నన్నేం చేయమంటారు?"

దక్షిణామూర్తి గారు రూళ్ళ పుస్తకం తెరిచారు. అది తెరవడానికి ఇద్దరు కావాలి. చాలాసేపు తిరగేసి, వేలెత్తారు.

"ఉన్నది! నలుబదియొకటవ నిబంధన. ఏకాకి పెట్టె. ఏ పెట్టెకును చెందని వ్యక్తి స్వయముగా ఒక పెట్టె నెలకొల్పుకొనవచ్చును. అమ్మా, శుభము! ఇకనుండి మీరు మీకే చెందుదురు."

"పెట్టంటే వీధి కదా బాబూ?"

"నిస్సందేహముగా. పెట్టెకొక వీధి, వీధికొక పెట్టె."

"మరి నా వీధేది?"

ఆయన పుస్తకం వంకా, ఆవిడ వంకా చూశారు. "మీరే," అన్నారు.

అలా మసేనమ్మ వీధయ్యిందండీ. పెట్టె తట్టలో చేపల మధ్య పెట్టారు. పచ్చదీపం చందువా కంట్లో మిణుకుమంది. ఇక మునిసిపాలిటీ ఊరుకుంటదా? వీధన్నాక వీధికి కావాల్సినవి ఇవ్వాలి. ముందు వైపు తట్టకి "మసేనమ్మ వీధి మొదలు" అని బోర్డు కట్టారు, ఎనక జడ దగ్గిర "మసేనమ్మ వీధి చివర" అని ఇంకోటి. తట్ట అంచుకి దీపస్తంభం బిగించారు. ఇంజనీరొచ్చి వంగి, తట్టలోంచి కారే చేపనీళ్ళు చూసి, "మురుగు పారుదల సంతృప్తికరం" అని రాసుకున్నాడు. పెట్టెపెద్దకి ఎన్నిక పెట్టారు. నించున్నది ఒక్కరే, ఓటేసింది ఒక్కరే, అయినా మధ్యాన్నం దాకా లెక్కపెట్టారు.

ఇంకో చిక్కు. మసేనమ్మ ఎక్కడికెల్తే అక్కడ ఒక వీధిలోకి ఇంకో వీధి వచ్చినట్టు. రెండు వీధులు కలిస్తే జంక్షను. జంక్షనుకి పోలీసుండాలి. అబ్బులనే కానిస్టేబుల్ని ఈలతో ఆవిడెనకాల తిప్పారు. ఆవిడ చేప కోస్తుంటే అటొచ్చే సైకిళ్ళని ఆపేవాడు, ఆవిడ లేస్తే వదిలేవాడు.

"నీకు కాళ్ళు నొప్పెట్టవా బాబూ?" అని అడిగిందావిడ.

"నాదేముందత్తా, నడిచేది వీధి, నేను మొగలో నించున్నానంతే," అన్నాడు అబ్బులు, పరిగెడుతూ.

ఊరు చూసింది. అసూయ పడింది. చేపలమ్మికి సొంత వీధీ, మాకు ఉమ్మడి వీధీనా? గవర్రాజు ఒకటి రాయించుకున్నాడు. ఆయన భార్య మంగతాయారు వంటింటికి వేరే రాయించుకుంది. ఓ పొద్దున గవర్రాజు పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు. వంటింటి పెట్టె చెయ్యి వదిలేసింది. సర్క్యులరు ప్రకారం వంటింటి గుమ్మానికి వెదురుబొంగు. గవర్రాజు బొజ్జ పదిరోజుల్లో సగమైంది. సినిమాహాలు వీధిలో ఒకడు అద్దంలో తన మొహం తనకే నచ్చక, తన చెయ్యి తనే వదిలేసుకున్నాడంట. కుడిచేతికీ ఎడంచేతికీ పొందిక లేక చొక్కా గుండీలు పెట్టుకోలేక అలాగే తిరిగాడు.

నలభై రోజులయ్యేసరికి ఉప్పురేవులో రెండువేల మూడొందల వీధులు. మనిషికో పెట్టె, మనిషికో బోర్డు, మనిషికో సున్నం గీత. ఎదురింటాయన్ని "కాఫీ తాగారా" అని అడగాలంటే ముందు చెయ్యి కలుపుతారా అని అర్జీ పెట్టాలి. అది ఒప్పుకునేసరికి సాయంత్రమయ్యేది. "తాగాను" అనేవాడాయన, పొద్దుటి కాఫీకి.

దక్షిణామూర్తి గారు పొంగిపోయి పైకి రాశారు: "ఉప్పురేవునందు ప్రతి పౌరుడును సంపూర్ణముగా చెందియున్నాడు. కలహములు శూన్యము. సంభాషణలును శూన్యము."

మరి మసేనమ్మో? బోర్డులూ దీపమూ మోసుకుంటూ తిరిగేది, నోరు మూసుకుని. ఒక వీధి కేక ఇంకో వీధిలోకి అనుమతి లేకుండా పోకూడదు కదా. రెండువేల మూడొందల అర్జీలెట్టింది. అనుమతులొచ్చేసరికి చేప మూడ్రోజులది. గట్టు మీద కూచుని ఆ పచ్చదీపం వంక చూసి అబ్బులుతో అంది, "వీధికి వీధే నాదైపోయిందిరా అబ్బులూ. నన్ను మాదనే మనిషి ఒక్కడు లేడు."

అబ్బులు ఈలూదబోయి ఆగాడు.

సరిగ్గా అప్పుడు గట్టు దిగి, పంచె పైకి పట్టుకుని, చయనులు మేష్టారొచ్చారు. మొహం పాలిపోయి ఉంది.

"మసేనమ్మా, కొంప మునిగింది. సౌదామినికి బహుమతొచ్చింది."

"ఎవరికి?"

"పిల్లికి. ఇన్ని రోజుల్లో ఒక్క రూలూ తప్పలేదుట. ఒక్క ఫిర్యాదు లేదుట. ఒక్క మాట తూలలేదుట. అందరూ ఎవరి పెట్టెలు వాళ్ళు తీసుకెళ్ళిపోతే, మా వీధి పెట్టెలో మిగిలింది అదొక్కత్తే. అదే పెట్టెపెద్ద కూడా. ఉత్తమ సభ్యురాలని పైనుంచి పెద్దలొచ్చి దండేస్తారుట, రేపే. నేను పిల్లినెక్కణ్ణించి తేను?"

"తొమ్మిదేళ్ళు పులుసు తిన్నది కదా బాబూ, పిలిస్తే రాదా?"

"వేళాకోళమాడకమ్మా! నీ వెనకాలైతే పిల్లులొస్తాయి. ఒక్కదాన్ని తీసుకురా. నీకేం కావాలన్నా ఇస్తాను."

మసేనమ్మ ఆయన వంక నిదానంగా చూసింది.

"నాకేటీ వద్దు. మైకులో అందరి ముందూ నన్ను 'మా మసేనమ్మ' అనండి. ఒక్కసారి. దొడ్డిగుమ్మంలోంచి కాదు."

మేష్టారు కళ్ళజోడు తీశారు. తుడవలేదు. "అంటాను," అన్నారు.

మర్నాడు సినిమాహాలు దగ్గర సభ. రెండువేల మూడొందల మందీ ఎవరి సున్నం గీతలో వాళ్ళు కూచున్నారు, పక్కోళ్ళ గాలి తగలకుండా. వేదిక మీద పైనుంచొచ్చిన పెద్దలు, దక్షిణామూర్తి గారు, గులాబీల దండ.

"ఉత్తమ సభ్యురాలు కుమారి సౌదామిని గారిని సగౌరవముగా ఆహ్వానించుచున్నాము!"

అప్పుడు రోడ్డు మలుపులో దీపస్తంభం కనబడింది. దాని కింద తట్ట, దాని కింద మసేనమ్మ, ఆవిడెనక అబ్బులు, అబ్బులెనక ఊళ్ళో ఉన్న పిల్లులన్నీ. నలభైకి తక్కువుండవు. పిల్లులు ఏ అర్జీ పెట్టలేదు, ఏ గీతా చూసుకోలేదు, వెదురుబొంగుల కిందనించి దూరి వచ్చేశాయి.

చయనులు మేష్టారు మైకు దగ్గిరికెల్లారు. గొంతు సవరించుకున్నారు.

"ఈ పిల్లిని... ఈ పిల్లుల్ని తీసుకొచ్చింది... మా మసేనమ్మ," అన్నారు.

గవర్రాజు సగం బొజ్జతో లేచాడు.

"మీ మసేనమ్మేటండీ మేష్టారూ? తొమ్మిదేళ్ళు దొడ్డిగుమ్మంలోంచి పులుసు ముక్కలు కొన్నోరు, మీకు 'మా' ఎక్కణ్ణించొచ్చింది? ఆవిడ మా మసేనమ్మ!"

"మీకా?" అని మంగతాయారు లేచింది. "ఫిర్యాదుందని గెంటేసినోరు మీరు! ఆవిడ మా వంటింటి మసేనమ్మ!"

"మా గడియారమండీ ఆవిడ! నలభై రోజుల్నించీ మాకు ఏడు కూడా దాటలేదు!" అని గడియారం వీధి మొత్తం లేచింది.

వీర్రాజు తాత కర్ర ఎత్తాడు. "ఒరే, చేపని నాకు చూపించిందిరా అది! ముందు నాదిరా!"

ఇక చూస్కోండి. సున్నం గీతలు కాళ్ళ కింద కలిసిపోయాయి. ఒకడి కాలరు ఇంకొకడి చేతిలో, అక్క జుట్టు చెల్లెలి చేతిలో. "ఎన్నాళ్ళయిందే నిన్ను తిట్టి!" అని ఒకత్తి, "నలభై రోజులే, చిక్కిపోయావే!" అని ఇంకొకత్తి, జుట్టు వదలకుండానే ఏడుపు. చొక్కా గుండీలు పెట్టుకోలేనోడికి పక్కనోడు కొడుతూ కొడుతూ గుండీలు పెట్టేశాడు. పైనుంచొచ్చిన పెద్దలు హడలిపోయి కుర్చీలెక్కారు. దక్షిణామూర్తి గారు మాత్రం పుస్తకం తీసి రాసుకుంటున్నారు: "రెండువేల మూడువందల పెట్టెల మధ్య ఏకకాల కరచాలనము. అపూర్వము. కారణము చేపల తట్ట. వచ్చే సంవత్సరము రాష్ట్రమంతటా వీధికొక తట్ట పంపిణీ చేయదగును."

మసేనమ్మ ఆ గొడవంతా ఇన్నది. 'మా' అన్న మాట ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టబోయి, లెక్కరాక ఊరుకుంది. తట్ట దించింది. ముందు బోర్డూ ఎనక బోర్డూ విప్పి పక్కన పడేసింది. పెట్టె తీసి, తిరగేసి, దాని మీద వంజరాన్ని పెట్టి కత్తిపీట దగ్గిరికి లాక్కుంది. పీట ఎత్తు సరిగ్గా కుదిరింది. హెచ్చరికా గిచ్చరికా ఏమీ లేకుండా గొంతెత్తింది.

"చేపలమ్మో... చేపలూ!"

కొట్లాట ఆగిపోయింది. "అబ్బా, ఏడున్నరయింది," అన్నారెవరో. మిట్టమధ్యాన్నమది.

"నేనెవరిదాన్నో మీరు తేల్చుకునేలోపు ఇది పాడైపోద్ది," అంది మసేనమ్మ. "ముందెవరిక్కావాల?"

జనం గిన్నెల కోసం పరుగెట్టారు. చయనులు మేష్టారు తలపాగా విప్పి, అందరి ముందూ, దాంట్లోనే ఏయించుకున్నారు. "పిల్లికా బాబూ?" అనడిగింది. "నాకే," అన్నారు. ఆవిడ ఓ ముక్క ఎక్కువేసి, "పాడు తక్కెడ," అంది.

దక్షిణామూర్తి గారు దండ పట్టుకుని నలభై పిల్లుల మధ్య నించుని, "సౌదామిని గారు దయచేసి ముందుకు రావలెను" అని మూడుసార్లు మైకులో పిలిచారు. పిల్లులన్నీ చేప తలకాయల మీదున్నాయి, ఒక్కటీ తలెత్తలేదు.

టిక్కెట్ల కిటికీ పక్కన ఓ ముసలాయన చుట్ట కాలుస్తున్నాడండీ. ఈ గొడవలో దేనికీ సంబంధం లేనోడు. పొగ వదిలి అన్నాడూ:

"ఈట్లో సౌదామిని లేదండి బాబూ. దానికి చేప వాసనే పడదు, మొన్న నాతోనే అంది."